అన్నం పెట్టిన చేయి

బిందుకి చోడి అంబలి, అదే రాగి జావ, పట్టించడానికి గంట పడుతుంది. అర చెంచా పెట్టాలి, గడ్డం కింద రెండు వేళ్ళు ఆనించాలి, గుటక పడిందని వేళ్ళకు తెలిశాకే మళ్ళీ అర చెంచా. తొందరపడితే పొలమారుతుంది. వేళ దాటితే ఫిట్స్. మెడ నిలవని ఈ ఏడేళ్ళ పిల్లను సర్కారు ఫోస్టర్ కేర్ కింద, పెంచే బాధ్యత రాసిచ్చి ఇంటికి తెచ్చుకుని రెండేళ్ళయింది. అప్పటినుంచి రాజకుమారి వేడన్నం తిన్న పూట లేదు.

తెచ్చుకుందామన్నదీ ఆమే. "ఊరోళ్ళ పిల్లకి గుడ్డలుతకడానికా నిన్ను కోడలిగా తెచ్చుకున్నాం?" అంది అత్త కమలాదేవి. "నీ సరదా, నువ్వే పడు" అన్నాడు భర్త రంగనాథం. పాతపట్నం బజారులో అతనికి కిరాణా కొట్టుంది. ఒక్క పూట చెంచా పట్టుకోమంటే చాలు, కొట్టు తాళాలు చేతిలోకి వచ్చేసేవి.

ఇప్పుడు వర్తకులంతా కలిసి అతనికే సన్మానం పెట్టారు. ఫ్లెక్సీ మీద 'అభాగ్య బాలికకు అన్నం పెట్టిన చేయి' అని రాయించి, చెయ్యెత్తిన అతని ఫొటో, పక్కన బిందుది వేశారు. రాజకుమారి ఫొటోకి చోటు చాల్లేదట. అన్నం పెట్టిన చేయట! ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"సన్మానం ఆరింటికి. అదే దీని అంబలి వేళ" అంది.

"ఒక్క పూట ఆలస్యమైతే ఏటైపోద్ది? పిల్ల లేకపోతే సన్మానం ఏటి బాగుంటాది?" అన్నాడు రంగనాథం.

గిన్నె, చెంచా సంచిలో వేసుకుని పిల్లతో వేదికెక్కింది.

శాలువా కప్పారు. చప్పట్లకి ఉలిక్కిపడి బిందు ఒళ్ళంతా బిగుసుకుపోయింది. అంతలో జనంలోంచి చిన్నతల్లి అనే పల్లె మనిషి, మనవరాల్ని చంకనేసుకుని లేచింది. "బాబూ, మా పిల్లకీ ముద్ద దిగదు. దగ్గొచ్చేస్తాది. నువ్వెలాగ పెడతన్నావో కాస్త సెప్పు బాబూ."

రంగనాథం రాజకుమారి వైపు తిరిగాడు. అతను మరిచిపోయిన చుట్టాల పేర్లూ, మందుల పేర్లూ వెనకనుంచి అందించడం ఆమెకు పదిహేనేళ్ళ అలవాటు. ఇప్పుడూ మాట నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"ఏటే, సెప్పు" అన్నాడు పళ్ళు బిగించి. మైకులో అదీ అందరికీ వినబడింది.

ఆమె బిందుని భుజాన వేసుకుని మెట్లు దిగి, చిన్నతల్లి పక్కన నేలమీద కూర్చుంది. గిన్నె తీసింది. "మాటల్తో వచ్చేది కాదమ్మా. నీ చెయ్యి ఇలాగియ్యి" అని ఆ వేళ్ళను బిందు గడ్డం కింద ఆనించింది. కుర్చీలు ఒక్కొక్కటే ఇటు తిరిగాయి. మొదటి గుటక పడింది.

"అమ్మా, ఫొటో తియ్యాలి, పాపని తీసుకుని పైకి రండి" అని వేదికమీంచి పిలిచారు. రంగనాథం అప్పటికే ఫ్లెక్సీలోలాగే చెయ్యెత్తి నిలబడ్డాడు.

రాజకుమారి తలెత్తలేదు.

"ఇంకా గంట పడతాది. అన్నం పెట్టిన చేతిని అంతవరకూ ఎత్తే ఉంచమనండి."