అత్యవసర సంచిలోని బిస్కెట్లు

"బిస్కెట్లు ఎవరు తిన్నారు?" అని మావారు అడగడం అది మూడోసారి.

గుమ్మం పక్కన మేకుకు వేలాడే అత్యవసర సంచిని ఆయన హాల్లో నేలమీద బోర్లించారు. ఖాళీ నీళ్ళసీసా ఒకటి, ఎవరిదో తెలియని సాక్సు ఒకటి పడ్డాయి. టార్చిలైటు పడింది గానీ అందులో బ్యాటరీలు లేవు. అవి టీవీ రిమోట్‌లో ఉన్నాయి. తాడు ఎప్పుడో పెరట్లోకి వెళ్ళి బట్టలు మోస్తోంది. బిస్కెట్ల పొట్లం మాత్రం ఉంది. లోపల బిస్కెట్లు లేవు, పైన రబ్బరుబ్యాండు ఉంది.

"నేను కాదు," అంది మా అమ్మాయి, అడక్కముందే.

"నా పళ్ళకి అవి నలగవు," అన్నారు అత్తగారు పేపరులోంచి తలెత్తకుండా. "నన్ను లెక్కలోంచి తీసెయ్యి."

ఖాళీ పొట్లానికి రబ్బరుబ్యాండు వేసే మనిషి ఈ ఇంట్లో ఒక్కరే ఉన్నారు. ఆ సంగతి ఎవరికీ తట్టనంతసేపు నేను గుర్తుచేయడం దేనికని, లేచి స్టవ్వు తుడవడానికి వెళ్ళాను.

"రేపు పదింటికి డ్రిల్లు పెట్టుకుని సంచి ఇలాగేనా ఉండేది?" అన్నారాయన.

సముద్రం మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఉంటుంది. మావారు రేవు ఆఫీసులో నీటిమట్టం చూస్తారు. యంత్రం చూపించే అంకె, రేవుగోడ మీది గీతల దగ్గర నీళ్ళున్న అంకె ఒకటో కాదో రోజుకి మూడుసార్లు సరిచూసి రాయాలి. పద్ధెనిమిదేళ్ళుగా ఆ అంకెలు ఏమయ్యాయని ఆయన్ని అడిగినవాళ్ళు లేరు. కిందటేడు సునామీ డ్రిల్లుకి మా వీధి నాయకుడిగా ఆయన్ని వేసి, నారింజరంగు కోటూ ఈలా ఇచ్చాక గానీ జనం ఆయన మాట వినడం మొదలుపెట్టలేదు. కోటు ఉతికిన ప్రతిసారీ ఆయనే ఇస్త్రీ చేసుకుంటారు. ఈ ఇంట్లో ఆయన ఇస్త్రీ చేసే బట్ట అదొక్కటే.

సైరన్ మోగిన పదిహేను నిమిషాల్లో వీధి వీధంతా గ్రంథాలయం మేడెక్కాలి. పోయినసారి అందరికంటే చివర, ఇరవయ్యారో నిమిషాన ఎక్కింది నాయకుడిగారి ఇల్లే. ఈసారి కూడా చివరొస్తే కోటు ఎదురింటి టైలరుకి ఇస్తామని డ్రిల్లు నడిపే అధికారి చెప్పేశాడు. టైలరు అప్పట్నుంచీ మావారు కనిపించినప్పుడల్లా భుజాల కేసి చూసి, "మీకు కాస్త వదులు సార్, నాకైతే కొలిచి కుట్టినట్టుంటుంది," అంటున్నాడు.

అందుకని ఆ సాయంత్రం మావారు బట్టలు నానబెట్టే తొట్టి హాల్లోకి తెచ్చి నిండా నీళ్ళు పోసి, మమ్మల్ని చుట్టూ కూచోబెట్టారు.

"ఇది సముద్రం," అన్నారు.

"పక్కన పెట్టవలసింది తుడుపుగుడ్డ," అన్నాను.

ఆయన వినిపించుకోలేదు. అడుగున పళ్ళెం పెట్టి, దాని అంచు కింద వేళ్ళు దూర్చారు. "గాలికి లేచే కెరటం పైపైనే కదులుతుంది. సునామీ అలా కాదు. భూకంపానికి సముద్రం అడుగు ఉన్నట్టుండి లేచిందనుకో, దానిమీదున్న నీళ్ళన్నీ అడుగునుంచి పైదాకా కదుల్తాయి. కొండచరియ నీళ్ళలోకి జారినా, అగ్నిపర్వతం పేలినా రావచ్చు. నడిసముద్రంలో విమానమంత జోరుగా పోతుంది, అయినా ఓడలోవాళ్ళకి తెలియను కూడా తెలియదు. ఒడ్డు దగ్గర లోతు తగ్గేసరికి జోరు తగ్గి ఎత్తు పెరుగుతుంది."

"జోరు తగ్గితే మంచిదేగా?" అంది అమ్మాయి.

"ముందున్నది నెమ్మదిస్తుంది, వెనకది వచ్చి మీదపడుతుంది. బడి వదిలినప్పుడు గేటు దగ్గర మీరు చేసే పనే. ఒక్కోసారి ముందుగా సముద్రం వెనక్కి పోతుంది. అప్పుడు చేపలు ఏరుకుందామని దిగకూడదు, కాళ్ళకి పని చెప్పాలి. ఇప్పుడు చూడండి."

పళ్ళెం పైకెత్తారు. పద్ధెనిమిదేళ్ళ ఉత్సాహమంతా ఆ ఎత్తడంలో ఉంది. మొదటి కెరటం తొట్టి అంచుదాటి అత్తగారి ఎడమ చెప్పుని ముంచింది. నేను గుడ్డతో తుడిచాను. తుడిచి చెయ్యి తీసేలోపు ఎదర అంచుకి కొట్టుకున్న నీళ్ళు తిరిగొచ్చాయి. మళ్ళీ తుడిచాను. మూడోది రెండిటికంటే పెద్దది. నా చీర కుచ్చిళ్ళు తడిశాయి.

"ఒకటొచ్చిపోతే అయిపోదురా?" అన్నారు అత్తగారు, తడిసిన చెప్పు చేత్తో పట్టుకుని.

"అయిపోదమ్మా. గంటల తరబడి వరసగా వస్తాయి. మొదటిది చిన్నదై తరవాతది పెద్దది కావచ్చు. ప్రమాదం తప్పిందని పైనుంచి మాట వచ్చేదాకా మేడ దిగకూడదు."

అత్తగారు తల పంకించి, చెప్పుని పెరటిగోడ మీద ఆరబెట్టారు.

మర్నాడు పదింటికి సైరన్ మోగింది. అమ్మాయి సంచి తగిలించుకుని పరుగెత్తింది. నేను గ్యాసు కట్టేశాను. మావారు కోటు వేసుకుని వీధి పొడుగునా ఈల ఊదుకుంటూ పోయారు. అత్తగారు గుమ్మంలో కుడిచెప్పు తొడుక్కుని, రెండోదాని కోసం ఇల్లంతా వెతికారు. గోడమీదుందని ఇద్దరికీ గుర్తొచ్చేసరికి ఎనిమిది నిమిషాలు. ఈలోపల అది గోడ అవతలికి పడింది. దాన్ని అవతలింటివాళ్ళు గిరవాటెయ్యాలి కదా, వాళ్ళు అప్పటికే మేడెక్కారు.

"చెప్పుల్లేకుండా రండి అత్తయ్యా!"

"సునామీకి జడిసి మేకు తొక్కమంటావా?"

ఇరవైరెండో నిమిషాన, నా చెప్పులు ఆవిడ వేసుకుని, నేను వట్టికాళ్ళతో, మేడమీదకి చేరాం. టైలరు ఇంటివాళ్ళు ఆరో నిమిషానికే వచ్చి నీడ చూసుకుని కూచున్నారట. అధికారి అట్టకి బిగించిన కాగితంలో మా ఇంటి ఎదర గీత గీశాడు. మావారు నావైపు చూడలేదు. సముద్రం వైపు చూశారు. అక్కడ ఆయన రాసుకునే అంకెలు తప్ప ఏమీ లేవు.

సైరన్ ఆగింది. కిందనుంచి ఎవరో, "టీ వచ్చింది!" అని కేకేశారు.

వీధి వీధంతా మెట్లమీదపడింది. ఎక్కడానికి పదిహేను నిమిషాలు పట్టినవాళ్ళు రెండు నిమిషాల్లో దిగిపోయారు. అధికారి దిగాడు, అమ్మాయి దిగింది, నేను దిగాను. మావారు కోటు గుండీలు విప్పుకుంటూ దిగారు. టైలరు టీ గ్లాసు ఎవరికో ఇచ్చి, మావారు విప్పిచ్చిన కోటులో ఒక చెయ్యి దూర్చాడు.

"ఒరేయ్! నిన్నెవరు దిగమన్నారురా?"

అందరం తలెత్తాం. మేడ పిట్టగోడ మీదనుంచి అత్తగారు.

"అమ్మగారూ, డ్రిల్లు అయిపోయిందండీ," అన్నాడు అధికారి. "రండి, టీ చల్లారిపోతోంది."

"అయిపోయిందని పైనుంచి మాట వచ్చిందా?"

అధికారి కాగితం తిరగేసి, వెనకున్న డ్రిల్లు వేళలు చూశాడు. ప్రమాదం తప్పినట్టు ప్రకటన: పది యాభై. గడియారం చూసుకున్నాడు. పది ముప్ఫై ఒకటి. దానికి పై వరసలో రెండో కెరటం ఉంది. పది ముప్ఫై.

"అంటే..." అని నీళ్ళు నమిలాడు.

"నాన్నా, మనం పోయాం," అంది అమ్మాయి, చేతిలో టీతో.

"నువ్వే కదరా నిన్న నా చెప్పు తడిపి మరీ చెప్పావు, వరసగా వస్తాయని!" అన్నారు అత్తగారు. "ఏమయ్యా టైలరూ, పోయినవాడికి కోటెందుకు? విప్పు."

టైలరు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అధికారి కాసేపు కలం కొరికి, కాగితంమీద 'మిగిలినవారు: ఒకరు' అని రాశాడు. తన పేరు ఏ జాబితాలో రాసుకోవాలో తేలక, టీ తాగేశాడు. సరిగ్గా పది యాభైకి మావారు మేడెక్కి, ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని దింపుకొచ్చారు.

ఆ మధ్యాహ్నం భోజనానికి అత్తగారు కోటు వేసుకునే కూచున్నారు. మోకాళ్ళ దాకా వచ్చింది. మావారు అన్నం కెలుకుతున్నారు.

"నీకు పొడుగమ్మా అది," అన్నారు చివరికి.

"టైలరు కుదిస్తానన్నాడు. మొహం మాడ్చుకునే అన్నాడనుకో." ఆవిడ మజ్జిగ పోసుకున్నారు. "అందరూ వినండి. కోటూ ఈలా నా దగ్గర. నోరు వీడిది. ప్రతి ఆదివారం ఆ తొట్టి వీధిలో పెట్టి, అందరికీ చెప్పాలి. అన్నీ చెప్పాలి, మూడో కెరటం దాకా. వీడు చెప్పింది ఊళ్ళో విన్నది నేనొక్కదాన్నే, నేనే బతికాను."

మావారు కెలకడం ఆపి, ముద్ద నోట్లో పెట్టుకున్నారు. "పెద్ద తొట్టి కావాలి," అన్నారు.

"కొనుక్కో. ఇక సంచి. అందులో ఇకమీదట డాక్టరు నాకు తినమన్న పొట్టు బిస్కెట్లు పెడతాను."

"రంపంపొట్టులా ఉంటాయి నానమ్మా అవి! సునామీ రోజున అవి తినాలా?"

"ఆకలేస్తే తింటారు. ఈ ఇంట్లో బిస్కెట్లు అప్పటిదాకా మిగలాలంటే వేరే దారి లేదు." ఆవిడ మజ్జిగ గ్లాసు దించి, మొదటిసారిగా నావైపు చూశారు. "పొట్లానికి రబ్బరుబ్యాండు మాత్రం నువ్వే వేద్దువుగాని, అమ్మాయ్. నీకు అలవాటేగా."