ఒంట్లో కొట్లాట

నాది తలుపులకు జిగురు పూసి మైకా షీటు అంటించే పని. మాట తక్కువ. ఆ లోటును ఇంట్లో అక్కా, మా ఆవిడా తీరుస్తారు.

తొడల మీదా చేతుల మీదా నీటిబొబ్బలు లేచాయి. అక్క చూసింది. ఆ పూటే నా కంచం, గ్లాసు, మంచం పెరట్లో పని షెడ్డులోకి వచ్చేశాయి.

"అంటురోగంరా తమ్ముడూ. తగ్గేదాకా గడప తొక్కకు."

ముద్దముద్దకీ రంపపు పొట్టే. లోపల అందరితో కూర్చుని తినాలని ఉండేది. అడగలేదు.

మా ఆవిడ నన్ను చర్మం డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది.

"దురదా, మంటా?" డాక్టరమ్మ నన్ను అడిగింది.

"దురదేనమ్మా. ఈయన షెడ్డులో గోక్కుంటే వంటింట్లోకి వినిపిస్తోంది," అంది మా ఆవిడ.

"ఆయన్ని చెప్పనివ్వండి."

ఇద్దరూ నా వైపు చూశారు. తల ఊపాను.

డాక్టరమ్మ మత్తిచ్చి, బొబ్బ పక్కన బాగున్న చర్మంలోంచి చిన్న ముక్క తీసింది. మా ఆవిడ ఊరుకుంటుందా?

"బొబ్బ అక్కడుంటే మంచి చోట కోస్తావేంటమ్మా?"

"బొబ్బ దగ్గర ఇల్లు కూలిపోయింది. కూల్చేవాళ్ళు పక్కింట్లో దొరుకుతారు."

వారం తర్వాత పరీక్షలో దొరికారు. యాంటీబాడీలట. అందరి రక్తంలోనూ ఉంటాయి. బయటి క్రిముల మీద పడాలి. నావి పై చర్మాన్ని కింది చర్మానికి పట్టి ఉంచే జిగురు మీద పడ్డాయి. పట్టు వదిలి చర్మం లేస్తే సందులో నీరు చేరుతుంది.

"నోట్లో నాలుక లేని మనిషమ్మా! పెళ్ళయ్యాక ఒక్కరితో గొడవ పడలేదు. ఒంట్లో ఇంత కొట్లాటా?"

"అది ఆయన సొంత గొడవ. ఎవరికీ అంటదు. మందులతో మెల్లగా సద్దుమణుగుతుంది."

ఇంటికొచ్చి మా ఆవిడ అంతా చెప్పింది. అక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"కంటికి కనబడని వాటి పూచీ ఆ డాక్టరమ్మ పడుతుందా? ఇవాళ వాడి జిగురు, రేపు నా జిగురు!"

షెడ్డులోకి వెళ్ళాను. జిగురు చెడి షీటు బుడగలు లేచిన తలుపు ఒకటుంది. దానికి ఆనించిన మంచి తలుపు ఇంకొకటి. రెండూ ఈడ్చుకొచ్చాను.

"వానాకాలమంతా ఒకదాన్నొకటి ఆనుకునే ఉన్నాయక్కా. దీని బుడగలు దానికి అంటాయా?"

అక్క మంచి తలుపును పైనుంచి కిందిదాకా తడిమింది. వెనక్కి తిప్పించి మరీ చూసింది.

"ఆ మాట మొదటే ఏడవచ్చుగా! మూగమొద్దులా ఇన్నాళ్ళూ పొట్టు తిన్నావు!" అంటూ నా కంచం తనే కడిగి లోపల పెట్టింది.

తినడానికి కూర్చున్నాను.

"మా వంశంలో ఇలాంటివి లేవమ్మాయ్. నీ చేతి తిండి తిన్నాకే వాడి రక్తం తిరగబడింది," అంది అక్క.

"రక్తం మీ ఇంటిదే కదా వదినా. అయినవాళ్ళ మీద పడటం ఎవరి దగ్గర నేర్చుకుందో!"

ముద్దలో పొట్టు లేదు. తినడానికి తప్ప నేను మళ్ళీ నోరు తెరవలేదు.