వంపు తీసిన నాణెం

నగలు చేసేవాడి చెయ్యి వంకర కనిపిస్తే ఊరుకోదు. సొట్టలు తీయడం, వంగినవాటిని సాపు చేయడం, ముప్పై ఏళ్లుగా నా బతుకంతా అదే.

అన్నయ్య పోయిన మూడో నెలలో వదిన ఒక చేతిరుమాలు మూట తెచ్చి నా పనిబల్ల మీద పెట్టింది. అందులో అన్నయ్య ప్రాణంలా దాచుకున్న పాత నాణెం ఉంది. ఎప్పుడో టర్కీ ప్రాంతాన్ని ఏలిన బైజాంటైన్ చక్రవర్తులదని చెప్పుకుని మురిసిపోయేవాడు. అది చిన్న గిన్నెలా లోతుగా ఉండేది. "పప్పులో కాలేశావన్నయ్యా, వంగిపోయిన బిళ్లను అంటగట్టారు" అని అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే.

"రేపు మ్యూజియంలో చూపిద్దాం. మీ అన్నయ్య మోసపోయారో లేదో నాకు తెలియాలి" అంది వదిన. మూట విప్పే ధైర్యం మాత్రం లేక, నా దగ్గరే ఉంచి వెళ్లింది.

వంకర బిళ్ల తీసుకెళితే అక్కడా నవ్వుతారనిపించింది. కొద్దిగా కాచి, దాగలి మీద పెట్టి, చెక్క సుత్తితో మెల్లగా కొట్టాను. చదునైంది. అంచున వెంట్రుకంత పగులు వచ్చింది. అయినా అన్నయ్యకు మేలే చేశాననుకున్నాను.

మర్నాడు మ్యూజియంలో నాణేలు చూసే ఆవిడ భూతద్దం పట్టుకుని చాలాసేపు చూసింది. లావాటి పుస్తకం తిరగేసి బొమ్మలతో పోల్చింది.

"అసలుదేనండీ. చక్రవర్తి పక్కన ఈ బొమ్మ ఉన్న నాణెం నేనింతవరకూ చూడలేదు."

వదిన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కానీ వీటిని గిన్నెలా వంచే తయారుచేసేవాళ్లు. దీన్నెవరో సాపు చేశారు. పేరున్న చోటే పగిలి అక్షరాలు నలిగిపోయాయి. ఏ చక్రవర్తిదో ఇక చెప్పలేం. ఎవరండీ ఈ పని చేసింది?"

నేను తల వంచి పుస్తకంలోని బొమ్మలు చూడసాగాను.

"మా ఆయనే చేసుంటారు. అందరూ నవ్వేవాళ్లు కదా" అంది వదిన.

మ్యూజియం ఆవిడ అదే మాట కాగితం మీద రాసుకుంది. నేను చూస్తూ కూర్చున్నాను. చచ్చిపోయిన అన్నయ్య మీద నా తప్పు పడుతుంటే కిమ్మనలేదు. నా అంత పిరికివాడు ఉండడు.

బయట మెట్ల మీద ఇక ఆగలేకపోయాను. "వదినా, అది చేసింది నేనే."

"తెలుసు. తమ్ముడి చేతికివ్వకు, సాపు చేసేదాకా వాడు నిద్రపోడని మీ అన్నయ్య ఎప్పుడో చెప్పారు. నేనే వినలేదు."

"మరి తప్పు అన్నయ్య మీదెందుకు వేశావు?"

వదిన మూట ముడి బిగించింది.

"నువ్వంత నవ్వినా ఒక్క మాట అనని మనిషి. దీనికీ ఏమీ అనరులే."