వియారెజ్జోకు వెళ్ళిన నివెస్

బెర్గమో ఊరి దంపతులు ఇల్లు చూడ్డానికి సాయంత్రం వస్తామన్నారు. ఎజిస్తోకు మధ్యాహ్నం భోజనం దగ్గర్నుంచే కాలు నిలవడం లేదు. సోఫాను కిటికీ వైపు జరిపాడు, బాగాలేదని మళ్ళీ గోడ వైపు జరిపాడు. బుచ్చెల్లాతో అనే ఆ ఊరి తీపి రొట్టెను ముక్కలు కోసి పళ్ళెంలో సర్దాడు. మరీ ఆశపడుతున్నట్టు ఉంటుందేమోనని సగం తీసి మళ్ళీ వంటింట్లో పెట్టేశాడు.

ఇంటికి వంక పెట్టడానికి లేదు. లుక్కా నగరంలో, కోటగోడ లోపల, పాత జమీందారీ భవనంలో అన్నిటికంటే పై అంతస్తు. హాలు పైకప్పు నిండా దేవతల బొమ్మలు. వాటికి కొత్త రంగులు వేయించడానికి ఎజిస్తో వ్రతం పట్టినట్టు ఏళ్ళు గడిపాడు. ఆ పైన నాలుగువైపులా తెరిచి ఉన్న మేడగది ఎక్కితే బురుజులు, ఊరిచుట్టూ కోటగోడ, దానిమీద చెట్ల వరస అన్నీ అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తాయి. లేనిదల్లా లిఫ్టు. పాత భవనంలో గోడ తొలవడానికి వీల్లేదని పురావస్తు శాఖవాళ్ళు ఎప్పుడో తేల్చి చెప్పేశారు.

ఆ మెట్లే ఎజిస్తో భార్య నివెస్‌ను ఓడించాయి. పోయిన చలికాలంలో ఒకరోజు ఎప్పటిలాగే కోటగోడ మీద షికారు ముగించుకుని వచ్చి, ప్రతి మలుపు దగ్గరా కూలబడుతూ ఎక్కింది. ఆ తర్వాత మోకాళ్ళు మొరాయించాయి. మళ్ళీ దిగలేదు. కోటగోడ పక్కనే, నిమ్మ కుండీలున్న నేలమట్టపు ఇల్లొకటి అమ్మకానికి వచ్చింది. గడప దాటితే వీధే. ఈ ఇల్లు అమ్మితేగానీ అది కొనలేరు. దాని యజమాని సాంతా క్రోచె దీపాల పండుగ దాకా ఆగుతానన్నాడు. ఆ పండుగ ఇవాళే.

మరి ఇన్నాళ్ళూ ఇల్లు ఎందుకు అమ్ముడుపోలేదంటే, ఎజిస్తో అసలు సిసలు లుక్కా మనిషి. ఈ ఊళ్ళో అమ్మదలుచుకున్నవాడు అమ్మే ఉద్దేశమే లేదంటాడు. కొనదలుచుకున్నవాడు ఊరికే దారినపోతూ తొంగిచూశానంటాడు. కొన్నాళ్ళు అలా ఒకరికొకరు మొహం చిట్లించుకున్నాక, నోటరీ దగ్గర ఇద్దరూ నవ్వుకుంటూ సంతకాలు పెడతారు. ముందుగా అవసరం బయటపెట్టుకున్నవాడికి ఆ ఊళ్ళో పరువుండదు. భార్య మెట్లు దిగలేదని తెలిస్తే అవసరం బయటపడ్డట్టే. అందుకని నివెస్ వియారెజ్జోలో చెల్లెలి దగ్గర సముద్రపు గాలి పీలుస్తోందని ఊరంతా చెప్పాడు. కింద కూరగాయల కొట్టు అర్జియా అనుమానపడకుండా అక్కడ ఒక్కడికి సరిపడా కొని, మిగతావి ఊరి అవతలి కొసకు పోయి కొనుక్కొచ్చేవాడు.

పడకగదిలో నివెస్ కిటికీ దగ్గర కుర్చీలో కూచుని ఉంది, కాళ్ళకు ఇంట్లో వేసుకునే మెత్తటి చెప్పులు. తెర కొంచెం తొలగించి కిందికి చూస్తోంది. నిచ్చెనలెక్కి జనం ప్రతి కిటికీ అంచునా చిన్న చిన్న దీపపు గ్లాసులు అమరుస్తున్నారు.

"వాళ్ళున్నంతసేపూ దగ్గకు. నీ కర్ర బీరువా వెనక పెట్టాను," అన్నాడు ఎజిస్తో.

"దగ్గు నన్నడిగి వస్తుందా?"

"దిండు అడ్డం పెట్టుకో."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "ఇంతకీ వియారెజ్జోలో నేనెలా ఉన్నానట?"

"బాగానే ఉన్నావు. ఎండకు నల్లబడ్డావని అర్జియాకు చెప్పాను."

నివెస్ నవ్వలేదు. ఇదివరకైతే నవ్వేది. అది ఎజిస్తో మనసులో కలుక్కుమంది, కానీ అప్పుడే కింద గంట మోగింది.

వచ్చినావిడ పేరు ఒత్తావియా. మాట, మనసు రెండూ సూటిగా ఉండే మనిషి. ఆమె భర్త రెనాతో మెట్లెక్కిన ఆయాసంతో సోఫాలో కూలబడి, నోరు విప్పకుండా పైకప్పు దేవతలను చూస్తూ ఉండిపోయాడు. ఒత్తావియా ఇల్లంతా తిరిగింది, మేడగది ఎక్కి దిగింది. చాలా నచ్చిందని మొహమ్మీదే చెప్పేసింది. ఎజిస్తోకు ఇదేం పద్ధతో అర్థం కాలేదు. నచ్చిందని ఎవరైనా పైకి చెబుతారా! ఇందులో ఏదో మెలిక ఉందనుకుని మరింత బిగుసుకున్నాడు. నిజానికి తను అమ్మాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదన్నాడు. తన భార్యకు ఈ ఇల్లంటే ప్రాణమన్నాడు. పొద్దున్నే మేడగదిలో కాఫీ తాగనిదే ఆమెకు రోజు మొదలుకాదని, ఇక్కణ్ణుంచి కదలమంటే కన్నీళ్ళు పెట్టుకుంటుందని కూడా కలిపాడు.

పడకగదిలోంచి దగ్గు వినబడింది.

"లోపల ఎవరైనా ఉన్నారా?" అంది ఒత్తావియా.

"పిల్లి," అన్నాడు ఎజిస్తో.

"పిల్లికి ఒంట్లో బాగాలేదేమో."

ఒత్తావియా ఆలోచనలో పడి, చేతిసంచీ భుజానికి తగిలించుకుంది.

"చూడండి, మీ ఆవిడ అంత ఏడుస్తూ వదిలే ఇల్లు మాకొద్దు. ఆ ఉసురు మాకెందుకు? పియెత్రసాంతా ఊళ్ళో ఇంకో ఇల్లు చూశాం. అది తీసుకుంటాం," అంది.

ఎజిస్తో మర్యాదగా తల వంచాడు. లుక్కా వాళ్ళయితే ఇప్పుడు గుమ్మం దగ్గర ఆగి, పైకప్పును ఇంకోసారి మెచ్చుకుని, పోనీ మీ మాటేమిటని వెనక్కి తిరుగుతారు. అతను ఆ క్షణం కోసం ఎదురుచూశాడు. ఒత్తావియా తలుపు తీసింది. రెనాతో మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. వాళ్ళు నిజంగానే వెళ్ళిపోతున్నారని అప్పటికి ఎజిస్తో తలకెక్కింది. నిమ్మ కుండీలు, నేలమట్టపు గడప కళ్ళముందు తిరిగాయి. పిలవాలనుకున్నాడు. కానీ పుట్టి బుద్ధెరిగాక అతను ఎవర్నీ అలా వెనక్కి పిలవలేదు.

పడకగది తలుపు తెరుచుకుంది. కర్ర లేకుండా, గోడ పట్టుకుని, నివెస్ ఒక్కొక్క అడుగే వేస్తూ వచ్చింది.

"ఆగండమ్మా. ఆ పిల్లిని నేనే," అంది.

ఒత్తావియా పరుగున వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. నివెస్ ఆ చేతిమీద బరువంతా వేసింది.

"ఈ ఇల్లంటే నాకిష్టమే, కాదనను. కానీ చలికాలం నుంచి నేను కిందికి దిగలేదు. నాకు కోటగోడ మీద కూచోవాలనుంది. మనుషుల మొహాలు చూడాలనుంది. ఇక్కణ్ణుంచి అందరివీ నడినెత్తులే కనిపిస్తాయి."

"నివెస్, నువ్విలా దిగితే ఊరంతా చూస్తుంది," అన్నాడు ఎజిస్తో.

"చూడనీ. ఊరేగింపు కోసం మిసెరికోర్దియా సేవా సంఘంవాళ్ళు రోగుల్ని మోసే కుర్చీతో సందు మొగలోనే ఉన్నారు. పొద్దుట్నుంచీ ఆ కుర్చీనే చూస్తున్నాను. వాళ్ళను పిలు."

"ఇల్లు అమ్ముడుపోగానే..."

"ఇప్పుడు, ఎజిస్తో."

అతను సిగ్గుతో చితికిపోయాడు. పరువు పోయినందుకు కాదు. ఆ కుర్చీ ప్రతి పండక్కీ ఆ మొగలోనే ఉంటుందని అతనికీ తెలుసు. మామూలు రోజుల్లో కూడా ఒక్క ఫోను చేస్తే వచ్చేవాళ్ళు. వస్తే ఇల్లు చవకైపోతుందని భయపడి ఆ మాట ఎత్తలేదు. ఆమెను బంధించింది మెట్లు కాదు.

అంతవరకూ మాట్లాడని రెనాతో గొంతు సవరించుకున్నాడు. "ఇంటి సంగతి రేపు చూసుకుందాం. నేను పిలుచుకొస్తా," అంటూ, అంత ఆయాసంలోనూ గబగబా దిగిపోయాడు.

నివెస్‌ను కుర్చీలో కూచోబెట్టి పట్టీ బిగించి, ఇద్దరు ముందు, ఇద్దరు వెనక పట్టుకుని దించారు. ఎజిస్తో వాళ్ళ వెనకే దిగాడు. వీధిలోకి వచ్చేసరికి చీకటి పడుతోంది, దీపాలు అప్పుడే వెలిగిస్తున్నారు. జనం చోటిచ్చారు. అర్జియా కొట్టు వదిలేసి వచ్చి, కుర్చీ ముందు నడుము మీద చేతులు వేసుకుని నిలబడింది.

"వియారెజ్జోలో ఈ ఏడు ఎండే కాయలేదా తల్లీ, ఇంత పాలిపోయావు?" అంది. ఆ తర్వాత వంగి నివెస్‌ను కావలించుకుని, ఎంతకీ వదల్లేదు.

ఒత్తావియా ఏమనుకుంటోందో, రేపు ఏం చెబుతుందో అడగాలని కూడా ఎజిస్తోకు తోచలేదు. నివెస్ అతని చొక్కా అంచు లాగింది. ఈ చెప్పులతో ఊరేగింపు చూడలేను, నా బూట్లు తెచ్చిపెట్టు, పనిలోపని రాత్రి బట్టలు కూడా తే, ఇవాళ్టి నుంచి అర్జియా ఇంట్లోనే పడుకుంటాను, మళ్ళీ ఆ మెట్లెక్కించకు అంది.

అతను ఒక్కడూ ఎక్కాడు. బూట్లు బీరువా వెనక, కర్ర పక్కనే ఉన్నాయి. వాటి మీద దుమ్ము. చొక్కా చేతితో తుడిచాడు. తుడుస్తుంటే ఏడుపొచ్చింది, ఏడ్చాడు. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళి, ఇన్నాళ్ళూ ఆమె కొంచెమే తొలగించి చూసిన తెరను పూర్తిగా లాగేశాడు.

కింద వీధి నిండా దీపాలు, దీపాల మధ్య నడినెత్తులు. ఆమె చెప్పినట్టే, ఒక్క మొహం కూడా కనిపించలేదు. ఆమె ఎక్కడుందో పోల్చుకోలేక కంగారుగా వెతికాడు. అప్పుడు ఆ తలల మధ్యలో ఒక్క మొహం పైకి లేచింది. నివెస్ అతన్నే చూస్తోంది. తొందరగా దిగి రమ్మని చెయ్యి ఊపుతోంది.