ట్యూబులో ఉన్నదెవరు?

ఫ్రీజర్‌లోంచి తీసిన ట్యూబు ఒక మాట చెబుతోంది, ఎలక్ట్రీషియన్ చేతిలోంచి తీసిన రక్తం ఇంకో మాట చెబుతోంది. రెండూ ఒకే మనిషివంటున్నాయి మా కాగితాలు.

నేను బ్లడ్ బ్యాంకులో పనిచేస్తాను. రక్తం ఎక్కించుకున్నవాళ్లకి ఏదైనా వైరస్ సోకితే, ఆ రక్తం ఎవరిచ్చారో వెతుక్కుంటూ వెనక్కి వెళ్లడం నా పని. ఈసారి ఆపరేషన్ అయిన ఒక టైలరమ్మకి హెపటైటిస్ బి వచ్చింది. ఆమెకి ఎక్కించింది ఒక్క బ్యాగే. ఫ్యాక్టరీ క్యాంపులో ఎలక్ట్రీషియన్ ఇచ్చిన బ్యాగు అది. దాతలందరి దగ్గరా ఒక ట్యూబెడు రక్తం విడిగా తీసి దాస్తాం. అప్పటి పరీక్షకు అందనంత తక్కువగా ఉన్న వైరస్, ఇప్పుడు ఆ ట్యూబుని ఇంకా నిశితంగా పరీక్షిస్తే దొరికింది. తీరా ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి చూస్తే అతని రక్తం శుభ్రంగా ఉంది. ఆ వైరస్ వచ్చి పోయినా రక్తంలో దాని ఆనవాలు మిగులుతుంది. ఇతనిలో అదీ లేదు.

లేబుళ్లు మారాయేమోనని మా డాక్టరమ్మ అన్నీ తిరగేయించింది. ఏదీ మారలేదు. అయితే ట్యూబులో ఉన్నది ఇతని రక్తం కాదనీ, ఎవరో ఒకతను తెలియకుండానే వైరస్‌తో తిరుగుతున్నాడనీ, ఇంట్లోవాళ్లకి అంటించకముందే దొరకాలనీ అంది.

ఇంటికొచ్చేసరికి మా ఆయన టమాటాలు తరుగుతున్నాడు. 'మా ఆయన' అనడం ఇంకా కొత్త. కూరగాయలవాడి దగ్గర కూడా అవసరం లేకపోయినా అనేస్తుంటాను. ఒక ముక్క లావు, ఒక ముక్క సన్నం, బుగ్గ మీద ఒక గింజ. చూస్తూ కూర్చోవచ్చు. పేర్లు చెప్పకుండా చిక్కు మాత్రం చెప్పాను. కాసేపు విని, కత్తి పక్కన పెట్టాడు.

"ఎంతసేపూ రక్తాన్నే అడుగుతున్నారు. మనిషిని అడగరా?"

"అడిగాం. ఇచ్చానన్నాడు."

"ఎలా ఇచ్చాడో అడిగారా?"

ఉద్యోగం నాది, తెలివి తనదీనా! ఉడుక్కోవాల్సింది పోయి గింజ తుడిచాను.

మర్నాడు ఎలక్ట్రీషియన్ మళ్లీ వచ్చాడు. రక్తం తీస్తున్నంతసేపూ చేతికేమిచ్చారని అడిగాను. మెత్తటి బంతి ఇచ్చి నొక్కుతూ ఉండమంటాం, ఇచ్చినవాళ్లెవరూ అది మర్చిపోరు. అతను బిస్కెట్లిచ్చారన్నాడు. అవి రక్తం తీయడం అయ్యాక ఇచ్చేవి.

నేను కోప్పడలేదు. అతనిచ్చినా ఇంకెవరిచ్చినా ఆ మనిషికి మందులున్నాయనీ, భార్యకి పరీక్ష చేయాలనీ, పిల్లలు పుడితే పుట్టగానే టీకా వేస్తే చాలావరకు గండం తప్పుతుందనీ చెప్పాను. టీకా అనగానే అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మా బావమరిది మేడం," అన్నాడు.

క్యాంపు పెట్టించింది ఇతనేనట. షిఫ్టు షిఫ్టుకీ తిరిగి, జంకినవాళ్లని ఆటపట్టించి, మొదటి పేరు తనదే రాయించుకున్నాడు. తీరా సూది చూశాక కాళ్లాడలేదు. నలుగురిలో నవ్వులపాలవుతానని, పనిమీద తన కోసం వచ్చిన బావమరిదిని తన ఫ్యాక్టరీ కార్డుతో తెర వెనక్కి పంపి, తను మోచేతికి దూది అంటించుకుని తిరిగాడు.

"'కరెంటు తీగలు పట్టుకుంటావు గానీ సూదికి దడుస్తావేంటి బావా' అని ఇప్పటికీ ఏడిపిస్తాడు మేడం. వాళ్లావిడని పొద్దున్నే కాన్పుకి తీసుకెళ్లారు."

ఇద్దరం ఒకేసారి ఫోన్లు తీశాం. అతను బావమరిదికి, నేను ఆసుపత్రికి. అక్కడి నర్సు తాపీగా విని, పాప అప్పుడే పుట్టిందనీ, టీకా ఇప్పుడే వేస్తాననీ, తల్లికి పరీక్ష కూడా చేయిస్తాననీ చెప్పింది. సాయంత్రానికి ఆ తల్లి రక్తంలో వైరస్ లేదని కబురొచ్చింది. బావమరిది రక్తంలో ఉంది, ట్యూబులో ఉన్నదే. డాక్టరమ్మ అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని చాలాసేపు మాట్లాడింది. బయట బెంచీ మీద బావ తలొంచుకుని కూర్చున్నాడు.

నేను వరండాలోకి వచ్చి మా ఆయనకి ఫోన్ చేశాను.

"పాప పుట్టింది," అన్నాను.

"ఎవరికి?"

చెప్పకూడదన్నాను. ఎవరి పాపో తెలియకపోయినా తను అవతల నవ్వుతూనే ఉన్నాడు.