పొగమంచులో పాఠం

మా వారు తత్వశాస్త్రం చెప్పే విశ్వవిద్యాలయం చాలా చిన్నది. సంగీతం గదిలో ఎవరైనా అపస్వరం పలికిస్తే మా వంటింట్లో తెలిసిపోతుంది. చదువులు మొదలైన వారం పిల్లలు తమకిష్టమైన క్లాసులో కూర్చుని చూడొచ్చు. పిల్లలే కాదు, ఆవరణలో కాపురముండే ఎవరైనా సరే. వారం చివర డీన్ గారు వచ్చి గుమ్మంలో నిలబడతారు. ఆవిడ వింటుండగా ఒక్కరైనా నిజంగా తెలుసుకోవాలని ప్రశ్న అడిగితే ఆ క్లాసు నిలుస్తుంది. లేదంటే ఆ ఏడాదికి అంతే.

మా వారి ఉద్యోగానికి ఇదే ఆఖరి ఏడాది. వారమంతా ఖాళీ గదికే పాఠం చెప్పి వచ్చారు. "బెంచీలు బుద్ధిగా విన్నాయి" అనేవారు కంచంలోకి చూస్తూ.

ఆఖరి రోజు పొద్దున్నే పొగమంచు దిగింది. దారులూ మెట్లూ పాలలో ముంచినట్టున్నాయి. దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఆయన మరిచిపోయిన కళ్ళజోడు తీసుకుని బయల్దేరాను. తీరా చూస్తే గది నిండా పిల్లలు. నా కాళ్ళు నేల మీద ఆనలేదు. వెనక బెంచీలో కూర్చున్నాను.

కాసేపటికి అర్థమైంది. అందరి ఒళ్ళోనూ వయొలిన్ పెట్టెలే. మంచులో ఇది పక్కనున్న సంగీతం భవనమనుకుని వచ్చేశారు, మర్యాదకి లేవలేకపోతున్నారు. ఆయనకి తలలు మాత్రమే కనిపిస్తున్నట్టున్నాయి, గొంతు హుషారుగా ఉంది. ఊరుకుంటే అబద్ధమవుతుందా స్వామీ అని లోపల అడుగుతూనే ఉన్నాను. చివరికి లేచి వెళ్ళి కళ్ళజోడు చేతిలో పెట్టాను.

ఆయన పెట్టుకుని చూసి నవ్వారు. "వెళ్ళండమ్మా, మీ మాస్టారు ఎదురుచూస్తుంటారు. నేను వయొలిన్ పట్టుకుంటే మీరు మళ్ళీ ఆ జోలికే పోరు."

"పాఠం బాగుంది సార్" అంది ఒక పిల్ల.

"అవును, హాయిగా నిద్రొచ్చింది" అన్నాడు పక్కవాడు. నవ్వుకుంటూ మంచులో కలిసిపోయారు.

అప్పుడే డీన్ గారు గుమ్మంలోకి వచ్చారు. "ఏం మాస్టారూ, ఇంటావిడనే పట్టుకొచ్చారా?"

"ఏమండీ, ఒకటి అడగనా?" అన్నాను, మళ్ళీ ఒక బెంచీలో కూర్చుంటూ.

"నా కోసమైతే వద్దు" అన్నారాయన మెల్లగా.

"మీ కోసం కాదు. రోజూ దణ్ణం పెట్టుకుంటాను కదా, అవతల ఎవరో వింటున్నట్టే ఉంటుంది. నిజంగా వింటున్నారా, నా గొంతే నాకు తిరిగొస్తోందా? పెళ్ళైన కొత్తల్లోనే అడగాలనుకున్నాను. నవ్వుతారేమోనని ఊరుకున్నాను."

ఆయన నవ్వలేదు. సుద్దముక్క బల్ల మీద పెట్టి, నా ముందు బెంచీలో ఇటు తిరిగి కూర్చున్నారు.

"నాకూ తెలీదే. వింటున్నట్టు నీకెలా ఉంటుందో చెప్పు, అక్కణ్ణించి మొదలుపెడదాం."

డీన్ గారు తడిసిన శాలువా విప్పి వెనక బెంచీలో సర్దుకున్నారు. కిటికీ అవతల ఏమీ కనిపించడం లేదు. నేను చెప్పడం మొదలుపెట్టాను.