తలుపుకు ఆనించిన చీపురు

గునిల్లా కనిపించకుండా పోయి అది రెండో సాయంత్రం. ఊరంతా చిత్తడి నేల అంచున వరుసగా నిలబడి, కర్రలతో నాచును పొడుస్తూ ముందుకు కదులుతోంది. కాఫీ వేళకే వెలుగు పల్చబడింది. ఎవరూ ఆమెను పేరుపెట్టి గట్టిగా పిలవడం లేదు. మా హీయుమా దీవిలో నవంబరు ఆత్మల కాలం. పోయినవాళ్లు ఎవరిళ్లకు వాళ్లు వచ్చి చూసుకుపోయే నెల. ఆ నెలలో కట్టెలు కొట్టరు, ఉన్ని వడకరు, గొంతు పెంచరు. అందుకే అంతమంది కలిసి ఒక మనిషిని గుసగుసలతో వెతుకుతున్నారు.

కానిస్టేబుల్ ఎండెల్ నా పక్కన నడుస్తున్నాడు. రాత్రికి మంచు గడ్డకడుతుందని, ఆ వయసు మనిషి ఇంకో రాత్రి బయట బతకదని అప్పటికే చెప్పాడు. ఊరుకోకుండా మాటతో ఒక పోటు కూడా పొడిచాడు.

"టల్లిన్‌లో కుర్చీలో కూర్చుని మ్యాపు మీద వేలు పెట్టి మనుషుల్ని పంపిస్తే ఇలాగే ఉంటుందమ్మా విర్వె. మ్యాపులో చిత్తడి నేల పచ్చగా, ముచ్చటగా ఉంటుంది."

ఆమెను పంపింది నేనే. నేనూ మా తమ్ముడు ఉర్మస్ చిన్న యాత్రలు నడుపుతాం. రెండు రోజులు నగరం, మూడు రోజులు పల్లె. టల్లిన్ నగరం నాది, ఈ దీవిలోని పల్లె వాడిది. గునిల్లా స్టాక్‌హోం నుంచి ఒంటరిగా వచ్చింది, డెబ్భై దాటిన మనిషి. టల్లిన్‌లో పాత బజారంతా తిప్పి, నా చేతులతో ఫెర్రీ ఎక్కించి పంపాను. ఇక్కడ ఒక్క రాత్రి గడిచాక మాయమైంది. కబురు తెలిసి నేనూ వచ్చాను. పొద్దున్నే బుట్ట పట్టుకుని, క్రాన్‌బెర్రీ పళ్లు కోసుకోవడానికి చిత్తడి నేల వైపు వెళ్తుంటే తాను చూశానని ఉర్మస్ చెప్పాడు. ఆ మాట పట్టుకునే ఊరంతా ఇక్కడికి వచ్చింది.

నా కాలు నాచులో మోకాలి దాకా దిగబడింది. ఎండెల్ చెయ్యిచ్చి లాగితే మోకాలు కలుక్కుమంది. ఆ మోకాలి నొప్పితోనే నాకు గునిల్లా మాట గుర్తొచ్చింది. యాత్ర ఖాయం చేసుకునే రోజు ఆమె ఫోన్‌లో చాలాసేపు మాట్లాడింది. తన మోకాలు మెత్తని నేలను ఒప్పుకోదని, చిత్తడి నేల తీసేసి ఆ పూట పొయ్యి ముందు కూర్చోనివ్వమని అడిగింది. నేను తీసేసి, మార్చిన ప్రణాళిక ఉర్మస్‌కు పంపాను. వాడు ఏదీ చదవడు. పాతదే వాడి బుర్రలో ఉండిపోయింది.

మరి వాడు చూసింది ఎవరిని? వేరే ఎవరినో చూసి పొరబడి ఉంటాడనుకున్నాను. అప్పటికి అంతే అనుకున్నాను. వరుసలోంచి తప్పుకుని ఊళ్లోకి నడిచాను.

గునిల్లా దిగింది లీలో అనే ముసలావిడ ఇంట్లో. రెల్లు కప్పు, నీలం తలుపు. మా యాత్రల ప్రకటన మీద ఉండే బొమ్మ ఆ ఇంటిదే. లీలో బతికుండగా ఉర్మస్ ఎన్నిసార్లు అడిగినా, పెట్టెలు ఈడ్చుకుంటూ వచ్చేవాళ్లు తన గడప తొక్కడానికి వీల్లేదని తిప్పి పంపేది. పోయిన నవంబరులో ఆమె చనిపోయింది. వారం పాటు తలుపుకు చీపురు ఆనించి ఉంటే ఎవరింటికో వెళ్లిందనుకున్నారు. నార్వే నుంచి మేనల్లుడు వచ్చి చూస్తే వెనక గదిలో పడి ఉంది. చీపురు పెట్టి బయల్దేరబోయి, ఏదో మరిచి పెరటి దారిన లోపలికొచ్చి పడిపోయిందని అందరూ అనుకున్నారు. మేనల్లుడు ఆ ఇల్లు ఉర్మస్‌కు అద్దెకిచ్చి వెళ్లిపోయాడు.

మా దీవిలో ఇళ్లకు తాళం వేయరు. బయటికి వెళ్తే తలుపుకు చీపురు ఆనిస్తారు. ఇంట్లో ఎవరూ లేరని దాని అర్థం. దాన్ని జరిపి లోపలికి వెళ్లడం దొంగతనం కంటే సిగ్గుచేటు. ఇప్పుడూ నీలం తలుపుకు చీపురు ఉంది. పిడి నేలకు, పుల్లలు పైకి, పెట్టాల్సినట్టే పొందిగ్గా ఉంది. లోపల చూశానని, గునిల్లా లేదని ఉర్మస్ చెప్పాడు. చీపురు కూడా అదే చెప్పింది. రెండు రోజులుగా ఊరంతా ఈ గుమ్మం ముందు నుంచే చిత్తడి నేలకు వెళ్లింది.

లోపల ఎవరో కొట్టారు.

మెల్లగా, మెత్తగా. ఆగి, మళ్లీ. చెక్క మీద పిడికిలి చప్పుడు.

కంచె దగ్గర పొరుగింటి తైమి పెద్దమ్మ నిలబడి ఉంది. ఆత్మల కోసం పెట్టే బార్లీ జావ గిన్నె ఆమె చేతిలో ఉంది. లీలో ఉన్నన్నాళ్లూ ఆమెను చూసుకున్నది ఈ పెద్దమ్మే.

"నిన్నటి నుంచీ వినబడుతోంది" అంది లోగొంతుతో. "లీలో వచ్చింది. దాన్ని పలకరించకు తల్లీ. వచ్చిన దారినే వెళ్లిపో."

"చూసొస్తా పెద్దమ్మా."

"చీపురు ఉందిగా."

నా చెయ్యి చీపురు దాకా వెళ్లి ఆగిపోయింది. చిన్నప్పుడు ఒకసారి ఇలాగే చెయ్యి వేస్తే అమ్మమ్మ కొట్టిన దెబ్బ ఇంకా వేళ్లలో ఉంది. లోపల మళ్లీ కొట్టారు. చీపురు తీసి పక్కన పెట్టాను.

ఇల్లు బావిలా చల్లగా ఉంది. కిటికీలకు బయట నుంచి చలికాలపు చెక్క తలుపులు బిగించడంతో వెలుగు రావడం లేదు. నేను అడుగుపెట్టగానే చప్పుడు ఆగిపోయింది. వెనక గది గొళ్లెం కింద ఒక కట్టె ముక్క అడ్డంగా దిగగొట్టి ఉంది. కాలితో తన్ని ఊడగొట్టాను.

గునిల్లా గుడ్డపీలికల చాపలో చుట్టుకుని నేల మీద పడి ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. నా కోటు కప్పి ఒళ్లోకి తీసుకున్నాను. చాలాసేపటికి కళ్లు తెరిచింది.

"కొట్టింది ఎవరు?" అని అడిగింది.

"మీరేగా. విన్నాను కాబట్టే వచ్చాను."

"నేను కాదు. పొద్దుటి నుంచి నా చేతులు లేవడం లేదు." ఆమె చూపు తలుపు వైపు వెళ్లింది. "ఆమె లోపలే కూర్చుంది. నా పక్కనే. అలుపు లేకుండా కొడుతూనే ఉంది."

తలుపు లోపలి వైపు, కూర్చున్న మనిషికి అందే ఎత్తులో, గోళ్లతో గీరిన గీతలున్నాయి. పాతవి, నల్లబడ్డవి. వచ్చిన మొదటి సాయంత్రం, భోజనాల దగ్గర అందరి ముందూ, ఆ గీతలేమిటని అడిగానని గునిల్లా చెప్పింది. ఎవరూ జవాబు చెప్పలేదట. మర్నాడు తెల్లారకముందే ఎవరో వెనక నుంచి ఈ గదిలోకి తోశారు. చీకట్లో మొహం చూడలేదు. అంతవరకు చెప్పి స్పృహ తప్పింది.

నా కోటు నాకిచ్చేసి, ఆమెను దుప్పట్లలో చుట్టి హెలికాప్టర్‌లో తీసుకుపోయారు. బతుకుతుందని డాక్టరు నాతో అన్నాడు. తర్వాత ఆ ఇంటి వంటగదిలో నలుగురం మిగిలాం. ఎండెల్, తైమి పెద్దమ్మ, ఉర్మస్, నేను. ఆ రోజు భోజనాల దగ్గర నేను తప్ప మిగతా ముగ్గురూ ఉన్నారు.

ఉర్మస్ నెమ్మదిగా మొదలుపెట్టాడు. పెద్దమ్మకు ఈమధ్య మతిమరుపు ఎక్కువైందన్నాడు. ఆత్మల నెలలో ఆ ఇంట్లో పరాయివాళ్లు ఉండటం ఆమెకు మొదటి నుంచీ గిట్టదన్నాడు. లోపల చప్పుడు వింటూ కూడా ఎవరికీ చెప్పలేదే అని బాధగా తలాడించాడు. పెద్దమ్మ జావ గిన్నె గుండెకు హత్తుకుని కూర్చుంది. తానే చేశానేమో అన్నట్టు చూస్తోంది.

ఎండెల్ చీపురు తెచ్చి ఆమెకిచ్చాడు. "పెద్దమ్మా, బయటికి వెళ్తున్నావనుకో. తలుపుకు పెట్టు."

ఆమె ఆలోచించకుండా పెట్టింది. పుల్లలు నేలకు, పిడి పైకి.

"ఈ ఊళ్లో అందరం ఇలాగే పెడతాం" అన్నాడు ఎండెల్. "నిరుడు లీలో పోయినప్పుడు పుల్లలు పైకి ఉన్నాయి. ముసలిది తికమక పడి పెట్టిందనుకున్నా. పెట్టింది ఆవిడ కాదన్నమాట. ఇవాళా పుల్లలు పైకే ఉన్నాయని పెద్దమ్మ అంటోంది. తీసింది నువ్వు, విర్వె. అవునా?"

అవునన్నాను. గుమ్మం దగ్గర నిలబడి కూడా నాకు అందులో తేడా ఎందుకు కనబడలేదో అప్పుడు తెలిసింది. అది నా ఇంటి చీపురులా ఉంది. దీవి అవతలి కొసన మా అమ్మమ్మ, పుల్లలు చెమ్మకు కుళ్లిపోతాయని పైకే పెట్టేది. మా అక్కాతమ్ముళ్లిద్దరికీ కొట్టి మరీ నేర్పింది. నిరుడు నవంబరులో నేను దీవికి రాలేదు.

"ఎవరింటి అలవాటమ్మా ఇది?"

ఉర్మస్ లేచి నా కోటు అందించాడు. చిన్నప్పుడు తన తప్పు నేను కప్పిపుచ్చాలని అడిగేటప్పుడు ఎలా చూసేవాడో అలాగే చూశాడు.

"అక్కా, ఫెర్రీకి వేళయింది. పద."

వెనక గదిలో ఎవరూ లేరు. తలుపు బార్లా తీసి ఉంది. అయినా ఆ చెక్క మీద, కింద నుంచి, మెత్తగా ఎవరో కొట్టారు. నలుగురం విన్నాం. పెద్దమ్మ కళ్లు మూసుకుంది. ఉర్మస్ చేతిలోని కోటు జారి కింద పడింది.

ఎండెల్ అటు తిరగలేదు. నన్నే చూస్తూ మళ్లీ అడిగాడు.

"చీపురు పెట్టింది ఎవరు విర్వె?"

ఆత్మల నెలలో గొంతు పెంచకూడదు. నేను పెంచాను. లోపలున్న మనిషికి కూడా వినబడాలని.

"ఉర్మస్. మా తమ్ముడు ఉర్మస్. రెండుసార్లూ వాడే."